దిగేటప్పటి గడి

ముద్రను అప్పగించమన్నప్పుడు ఆయన దానిని వెంటనే బల్లమీద పెట్టలేదు. ముందు జేబురుమాలు తీసి అడుగున అంటిన నీలిసిరాను తుడిచాడు. రబ్బరు అంచున ఇరుక్కున్న మరకను బొటనవేలి గోటితో మెల్లగా గీకి తీశాడు. ఆ పని ముగిసేదాకా గదిలోని ముగ్గురు అధికారులూ ఆయన చేతులనే చూశారు. చిటికెన వేలంత కొయ్యపిడి, దాని కొసన చొక్కా గుండీ అంత రబ్బరు బిళ్ల, ఆ బిళ్లలో తిరగబడిన పదిహేడు అంకె. దానిని ఎదురుగా ఉన్న అట్టపెట్టెలో నిలువుగా నిలబెట్టి, “పడుకోబెట్టకండి సార్. అంచు అరిగితే అంకె వంకరగా పడుతుంది” అని చెప్పి తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు.

విమానాల పరికరాలను సరిచూసే ఆ కర్మాగారంలో ఒక్కొక్క పరీక్షకుడికి ఒక్కొక్క అంకె ఉంటుంది. ఆ అంకె కాగితం మీద పడితే పరికరం ఎగరడానికి తగినదని అర్థం. పడకపోతే అది పెట్టెలోనే ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా పదిహేడో ముద్ర ఆయనదే. పేరు పెట్టి పిలిచేవారు ఎప్పుడో తగ్గిపోయారు. అందరికీ ఆయన పదిహేడు గారే. ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుందని క్యాంటీనులో ఒక హాస్యం చెలామణిలో ఉంది. ఆయన దానిని అవుననలేదు, కాదనలేదు.

విచారణ సంఘంలో ఉన్నవారు కర్మాగారం మేనేజరు, నాణ్యతాధికారి, సెన్సర్ల విభాగానికి ముఖ్య ఎలక్ట్రికల్ ఇంజనీరు. ముగ్గురిలో ఇంజనీరు ఒక్కతే స్త్రీ. మూడు వారాల క్రితం ఒక విమానం నేలకు దిగుతుండగా, ఎత్తును చెప్పే ఎడమ సెన్సరు ఒక అంకె, కుడి సెన్సరు మరొక అంకె చూపాయి. రెండింటికీ నడుమ తేడా రెండువందల డెబ్బై అడుగులు. పైలట్ అనుభవజ్ఞుడు. విమానాన్ని మళ్లీ పైకి లేపి, చుట్టు తిరిగి వచ్చి, కంటితో నేలను చూసుకుంటూ దించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రయాణికులు ఆలస్యమైందని మాత్రమే ఫిర్యాదు చేశారు. తప్పు చెప్పిన ఎడమ సెన్సరు కాగితం మీద ఉన్న ముద్ర పదిహేడు.

నాణ్యతాధికారి యంత్రం రాసుకున్న పట్టికను చదివాడు. పరీక్ష యాభై నిమిషాల్లో ముగిసింది. ఆ తరువాత ముప్పై ఐదు నిమిషాలపాటు, ఏ ఆదేశమూ లేకుండా, పరీక్షపాత్రలో గాలి ఒత్తిడి మారుతూ వచ్చింది.

“పరీక్ష అయిపోయాక ముప్పై ఐదు నిమిషాలు దాంతో ఏం చేశారు?” అని అడిగాడు.

“చూసుకున్నాను సార్.”

“ఏం చూసుకున్నారు?”

“నా తృప్తికి చూసుకున్నాను.”

మేనేజరు నవ్వాడు. “తృప్తికి ఇంట్లో టీవీ చూసుకుంటారండీ. ఇక్కడ పద్ధతి పుస్తకం చూస్తారు. ఆ ముప్పై ఐదు నిమిషాల్లో మీరు దాన్ని ఎలా కదిపారో, అందుకే అది చెడిందేమో, ఎవరికి తెలుసు?”

పదిహేడు గారు తల తిప్పాడు. ఇంజనీరు వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, వేడుకోలు లేదు. పరీక్షగదిలో ఒకరు అంకె చదువుతుంటే రాసుకోవడానికి కలం పట్టుకొని ఎదురుచూసే మనిషి చూపు అది. ఆమెకు దాని అర్థం తెలియలేదు. తల దించి, తన ముందున్న కాగితం మీద ‘సరైన వివరణ ఇవ్వలేదు’ అని రాసింది.

నివేదిక మీద ముగ్గురూ శుక్రవారంలోగా సంతకం చేయాలి. ఆరు నెలలు ముద్ర రద్దు. అంతవరకు ఆయన స్టోరులో పనిచేస్తాడు.

తొందరకు ఒక కారణం ఉంది. ఆరేళ్లుగా ఇక్కడ వాడుతున్న ఆమె పద్ధతి సోమవారం నాడు పుస్తకమై సంస్థకున్న పదకొండు కర్మాగారాలకూ బయలుదేరుతున్నది. ఒకప్పుడు ఎత్తు సెన్సరు ఒక్కదానిని పరీక్షించడానికి రెండు గంటలు పట్టేది. ఆమె పద్ధతిలో యాభై నిమిషాలు చాలు. గాజుమూత గల ఉక్కుపాత్రలో సెన్సరును ఉంచి, పంపుతో గాలిని లాగితే, దానికి అది ఆకాశంలోకి ఎక్కుతున్నట్టే. ప్రతి ఎత్తులోనూ అది ఎంత తప్పు చెబుతున్నదో ఆమె కనిపెట్టిన సర్క్యూటు పసిగట్టి, ఆ తప్పును సెన్సరు జ్ఞాపకంలోనే రాసిపెడుతుంది. ఆపైన సెన్సరు తన తప్పును తానే దిద్దుకొని పలుకుతుంది. పుస్తకం మొదటి పుటలో ఆమె పేరు అచ్చయింది. అచ్చుప్రతి ఆమె సంచిలోనే ఉంది.

బుధవారం సాయంత్రం ఇంట్లో భర్త తన తల్లికి రక్తపోటు చూస్తున్నాడు. ఆయన మందుల దుకాణం నడుపుతాడు. అంకెలతో వెలిగే కొత్త యంత్రాలను పదిమందికి అమ్మినా, ఇంట్లో మాత్రం పాదరసపు గొట్టం ఉన్న పాత పెట్టెనే వాడతాడు. అత్తగారు చేయి చాచి బల్లమీద పెట్టి, పట్టీ చుట్టించుకుంటూ అన్నది:

“కోడలు విమానాల్ని కొలుస్తుంది, కొడుకు నన్ను కొలుస్తాడు. ఈ ఇంట్లో కూరలో ఉప్పు కొలిచేవాళ్లే లేరు.”

“మాట్లాడకమ్మా. మాట్లాడితే పెరుగుతుంది.”

“మాట్లాడకపోతే ఇంకా పెరుగుతుందిరా.”

ఇంజనీరు ఎదుటి కుర్చీలో పట్టిక పరుచుకొని కూర్చున్నది. ఆ ముప్పై ఐదు నిమిషాల గీతను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నది. చేతికి తోచినట్టు కదిపినవాడి గీత అలా ఉండదు. అది మెట్లు మెట్లుగా ఉన్నది. ప్రతి మెట్టు మీదా సరిగ్గా మూడేసి నిమిషాలు నిలిచి, మళ్లీ కదిలింది.

భర్త రబ్బరు బుర్రను నొక్కుతుంటే గొట్టంలో పాదరసం పైకి పాకింది. ఆమె దానినే చూస్తూ, “ఇప్పుడెంత?” అని అడిగింది.

“ఇప్పుడేం తెలుస్తుంది? ఎక్కేటప్పటి అంకె నా చేతిది. దిగేటప్పటి అంకె అమ్మది.” ఆయన చెవులకు గొట్టాలు తగిలించుకొని, మర వదులు చేసి, శ్వాస బిగబట్టి విన్నాడు. పాదరసం మెల్లగా దిగింది. ఒకచోట ఆయన కనుబొమ కదిలింది. మరొకచోట మళ్లీ కదిలింది. “నూట నలభై, తొంభై. ఉప్పు సంగతి ఇక ఎత్తకు.”

“ఎక్కేటప్పుడే చూసి రాసేస్తే?” అన్నది ఆమె.

“నా దుకాణం మూయిస్తారు.”

అత్తగారు పట్టీ విప్పించుకుంటూ కోడలి ముఖంలోకి చూసింది. “అదేం ప్రశ్నే అమ్మాయీ? మీ ఆఫీసులో అట్లా రాస్తారా ఏమిటి?”

ఆమె పట్టికను మడిచింది. మెట్ల గీత ఎటు వెళుతున్నదో ఇప్పుడు తెలిసింది.

“రాస్తున్నాం అత్తయ్యా” అన్నది.

గురువారం ఉదయం అందరికన్నా ముందే ఆమె పరీక్షగదికి వెళ్లింది. విచారణ కోసం సీలు వేసి ఉంచిన ఎడమ సెన్సరును రిజిస్టరులో రాసి బయటకు తీసింది. చేతి గడియారం తీసి పక్కన పెట్టింది. తీగ కొసలను స్పిరిటులో ముంచిన దూదితో తుడిచింది. పాత్ర అంచున ఉన్న రబ్బరు వలయానికి వేలికొసతో గ్రీజు రాసి, గాజుమూతను దించి, నాలుగు మరలనూ ఎదురెదురు మూలల నుంచి బిగించింది. చాలా ఏళ్లుగా ఈ పనులు ఇతరులు చేస్తుంటే ఆమె ఫలితాలు మాత్రమే చదువుతున్నది. నాలుగో మర బిగించేసరికి మణికట్టు నొప్పి పెట్టింది.

పంపు మొదలైంది. ఐదువేల అడుగులు, పదివేలు, ఇరవైవేలు, ముప్పై ఐదువేలు. ఎక్కినంతసేపు సెన్సరు నిర్దోషిగా పలికింది. ప్రామాణిక యంత్రం ఏ అంకె చూపితే తానూ అదే చూపింది. ఆమె సర్క్యూటు తన పని తాను చక్కగా చేసుకుపోతున్నది. అక్కడితో పద్ధతి ముగుస్తుంది. పుస్తకంలో తరువాతి వాక్యం ‘గాలిని వదిలి, సెన్సరును తీసివేయవలెను’ అని ఉన్నది. ఆ వాక్యం ఆమె రాసినదే.

గాలిని ఒక్కసారిగా వదలలేదు. గాలిని వదిలే మరను వెంట్రుకవాసి తిప్పి, ఇరవైవేల దగ్గర ఆపి, మూడు నిమిషాలు వేచి చూసింది. సెన్సరు డెబ్బై అడుగులు ఎక్కువ చెప్పింది. పదివేల దగ్గర నూట అరవై. ఐదువేల దగ్గర రెండువందల డెబ్బై.

సెన్సరు లోపల పలుచని లోహపు పొర ఒకటి ఉంటుంది. గాలి తగ్గేకొద్దీ అది ఉబ్బుతుంది, గాలి పెరిగేకొద్దీ అణుగుతుంది. అయితే ఉబ్బిన దారినే అణగదు, కొంత వెనుకబడుతుంది. ఇది విద్యార్థులకు కూడా తెలిసిన సంగతి. పాత ఫారాలలో అందుకే ఎక్కేటప్పుడు ఒక గడి, దిగేటప్పుడు ఒక గడి ఉండేవి. ఆమె తన సర్క్యూటును ఆపివేసి, మొత్తం ప్రయాణాన్ని మళ్లీ నడిపించింది. దిద్దుబాటు లేకుండా ఐదువేల దగ్గర తేడా నూట పది అడుగులే. సర్క్యూటు ఎక్కేటప్పుడు నేర్చుకొన్న దిద్దుబాటును దిగేటప్పుడు కూడా నమ్మకంగా కలుపుతున్నది. వెనుకబడ్డదానిని ఇంకా వెనక్కు నెడుతున్నది. తప్పులో సెన్సరు పాలు చిన్నది. దానిని పెద్దది చేసింది ఆమె కనిపెట్టిన సర్క్యూటు.

ఆమె చాలాసేపు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని నిలబడింది. తరువాత పాత దస్తరాల బీరువా తెరిచింది. ఆరేళ్ల కిందటి కట్టలో, ఫారం మార్చిన నెలలో, ఒక చిన్న కాగితం దొరికింది. గుండ్రని అక్షరాలతో రాసి ఉంది: ‘కొత్త ఫారంలో దిగేటప్పటి గడి కనబడుట లేదు. పొరపాటున పోయినదా, తీసివేసినారా తెలియజేయ ప్రార్థన.’ కింద పదిహేడో ముద్ర. ఆ కిందనే ఎర్రసిరాతో రెండు మాటలు: ‘అవసరం లేదు.’ దాని కింద ఆమె సంతకం.

రాసినట్టు ఆమెకు గుర్తు లేదు. సంతకం చివరి గీత వేగంగా సాగి, కాగితం అంచు దాటిపోయింది.

స్టోరులో పదిహేడు గారు వాషర్లను పరిమాణం చూసి వేరుచేస్తూ పళ్లాలలో వేస్తున్నాడు. ఎవరూ కొలవమనకపోయినా ఒక్కొక్కదానినీ కొలిచే పట్టుకారులో పెట్టి చూస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు.

“కూర్చోండి మేడమ్. ఆ స్టూలుకి ఒక కాలు కదులుతుంది, ఈ పక్కకి వాలకండి.”

ఆమె కూర్చొని, చిన్న కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చదివి, మర్యాదగా తిరిగి ఆమె వైపు జరిపాడు.

“ఆ ముప్పై ఐదు నిమిషాలు దింపుతూ చూశారు కదా” అన్నది.

“చూశాను.”

“మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?”

“చెబితే, ఆ గడి ఎవరు తీశారన్న మాట వస్తుంది. మీరు అక్కడే కూర్చున్నారు. మీ అంతట మీరే అంటారేమో అనుకున్నాను.”

“నాకు తెలియదు పదిహేడు గారూ. నిన్న సాయంత్రం దాకా నాకు తెలియదు.”

ఆయన చేతిలోని వాషరు పళ్లెంలో పడకుండా వేళ్ల మధ్యనే ఆగింది. “తెలిసే తీశారనుకున్నాను. ఏదో లెక్క వేసుకుని, ఇక దాంతో పని లేదని తేల్చుకుని తీశారనుకున్నాను. ఈ ఆరేళ్లూ అదే అనుకున్నాను మేడమ్. నాకు అందని లెక్క మీకు అందిందని.”

ఆమె ఆ చిన్న కాగితాన్ని మడిచి చేతిలో పట్టుకుంది. లెక్క వేయలేదని, గంటసేపు మిగులుతుందని మాత్రమే తీశానని చెప్పడానికి నాలుక కదలలేదు. చివరకు అడిగింది: “మరి మీరెందుకు చూస్తూ వచ్చారు?”

“అలవాటు. ఎక్కించినదాన్ని దింపి చూడకుండా వదిలేస్తే నాకు అన్నం సయించదు. భోజనం టైములో చూసుకునేవాణ్ణి. మొదట్లో పది, పదిహేను అడుగులే ఉండేది. మీరు రాసింది ఆనాటికి నిజమే. ఈ కొత్త రకం సెన్సర్లు వచ్చాకే పెరిగింది.”

“పెరిగినప్పుడు మళ్లీ రాయాల్సింది.”

“ఒకసారి రాశాను కదా” అన్నాడు ఆయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగినది జరిగినట్టు చెప్పాడు, అంతే.

బయట సామాను బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. అది దూరమయ్యాక ఆయనే మళ్లీ అన్నాడు: “ఆ ఎడమ సెన్సరు దగ్గర నా చెయ్యి ఆగింది. తేడా అంత ఉంటే ఆగదా. కానీ ఆపితే ఏ గడిలో రాసి ఆపను? ఏ కారణం చెప్పను? ఆ ఆలోచనతోనే ముద్ర వేసేశాను. అది మాత్రం ఎవరి మీదికీ నెట్టేది కాదు. అందుకే అడగ్గానే ఇచ్చేశాను.”

లేచి, గోడకు తగిలించిన తన సంచిలోంచి ఆరు నోటుపుస్తకాలు తీశాడు. పిల్లలు బడికి తీసుకువెళ్లే రకం. మూలలు మడతపడకుండా ప్రతిదానికీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. ఆమె మొదటిది తెరిచింది. పెన్సిలుతో గీసిన గడులు. సెన్సరు సంఖ్య, తేదీ, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఆరేళ్లలో ఆ కర్మాగారం పంపిన ఎత్తు సెన్సర్లన్నీ ఆయన చేతి మీదివే, నాలుగువందల పన్నెండు. పుట వెనుక పుట తిప్పుతూ పోయింది. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

“ఇవి నేను తీసుకువెళ్లవచ్చా?”

“తీసుకెళ్లండి. మూడోదాంట్లో టీ ఒలికింది. అంకెలు మాత్రం చెదరలేదు.”

శుక్రవారం మేనేజరు గదిలో నివేదిక సిద్ధంగా ఉంది. మిగిలిన ఇద్దరూ సంతకాలు చేసి ఉన్నారు. ఆమె నోటుపుస్తకాలను బల్లమీద దొంతరగా పెట్టి, తన పరీక్షా కాగితాలు వాటి పైన పెట్టి, జరిగినది క్రమంగా చెప్పింది. తన పేరు వచ్చిన చోట గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

మేనేజరు చెడ్డవాడు కాడు. అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. “మేడమ్, ఆరు నెలలే కదా. తర్వాత ముద్ర ఇచ్చేద్దాం, నాది పూచీ. ఆయనే ఒప్పుకున్నాడు కూడా. మీ గడి మళ్లీ మీరే మెల్లగా చేర్చుకోండి, వచ్చే ఏడాది ముద్రణలో. ఎవరూ ఏమీ అనరు. ఇప్పుడు దీన్ని కదిలిస్తే ఎన్ని విమానాలు ఆపాలో తెలుసా?”

“కొత్త రకం సెన్సర్లు నూట నలభై మూడు విప్పాలి. ఏవేవో ఇందులో ఉన్నాయి. ఇది లేకపోతే నాలుగువందల పన్నెండూ విప్పాల్సి వచ్చేది.”

నాణ్యతాధికారి ఒక పుస్తకం అట్ట తిప్పి చూశాడు. “నోటుపుస్తకం రికార్డు కాదు మేడమ్.”

“కాదు. మన రికార్డులో ఈ గడి లేదు. అందుకే ఇది తెచ్చాను.”

ఆయన మరి రెండు పుటలు తిప్పాడు. కొంతసేపటికి జేబులోంచి కలం తీసి, నివేదిక మీద ఉన్న తన సంతకాన్ని తానే అడ్డంగా కొట్టివేశాడు.

“పుస్తకం ఆగిపోతుంది” అన్నాడు మేనేజరు. “పదకొండు చోట్లకీ ఎందుకు ఆగిందో రాయాలి. మీ పేరు రాయాలి. ఏమవుతుందో ఆలోచించుకున్నారా?”

“రెండు రోజులుగా అదే పని చేస్తున్నాను.”

ఆమె కొత్త కాగితం తీసుకొని, కారణం అన్నచోట ‘పరీక్షా పద్ధతినుండి దిగేటప్పటి కొలతను తొలగించుట’ అని రాసింది. బాధ్యులు అన్నచోట తన హోదా, తన పేరు రాసింది. పరీక్షకుడి సంగతి దాచలేదు: సందేహం కలిగినా ముద్ర వేశాడనీ, ఆ సందేహాన్ని రాయడానికి పద్ధతిలో చోటు లేదనీ, ఆరేళ్ల కిందట ఆయన ఆ చోటు అడిగితే తాను నిరాకరించాననీ రాసి, ఆ చిన్న కాగితాన్ని జతపరిచింది. సంతకం చేసేటప్పుడు చేయి నిదానంగా కదిలింది. చివరి గీత కాగితం లోపలే ఆగింది.

సోమవారం పుస్తకాలు బయలుదేరలేదు. మరి రెండు వారాలకు, విప్పిన సెన్సర్లు చెక్కపెట్టెల్లో కర్మాగారానికి తిరిగి రావడం మొదలైంది. పద్ధతిని తిరిగి నిర్ధారించేవరకు పరీక్షా ఫలితాలను ఆమోదించే అధికారం ఆమెకు ఉండదని పైనుంచి ఉత్తరువు వచ్చింది. అధికారం లేనివారు పరీక్షగదిలో పనిచేయవచ్చు గాని, ముద్ర గల పరీక్షకుడి పర్యవేక్షణలోనే చేయాలన్నది అక్కడి నియమం. ఆ నియమం ఆమెకూ వర్తించింది. పదిహేడో ముద్రను అట్టపెట్టెలోంచి తీసి ఆయనకు తిరిగి ఇచ్చిన రోజున, ఆయన దాని అంచును వెలుతురులోకి ఎత్తి చూసుకొని, “నిలబెట్టే ఉంచారు” అని మాత్రం అన్నాడట.

కొత్త ఫారాలు ఇంకా అచ్చయి రాలేదు. పదిహేడు గారు పాత ఫారాల మీదనే స్కేలు పెట్టి, కుడి అంచున ఒక గడి గీసి, దాని తలమీద సిరాతో ‘దిగేటప్పుడు’ అని రాస్తున్నాడు. ఒకటి రాసి ఆరేదాకా పక్కన పరిచి, మరొకటి తీసుకుంటున్నాడు.

“ఇన్ని గీయకపోతే ఏం? జిరాక్సు తీయించవచ్చు” అన్నది ఆమె, పాత్ర అంచుకు గ్రీజు రాస్తూ.

“తీయించవచ్చు మేడమ్. వంకర పోతుందని.”

“పోదు.”

“పోదులెండి” అని, ఇంకొకటి గీశాడు.

ఆమె మూత బిగించి పంపు నడిపింది. ఎక్కేటప్పటి అంకెలు ఒక్కొక్కటీ చదివితే ఆయన రాసుకున్నాడు. సర్క్యూటు ఇప్పుడు ఆగి ఉంది. దానికి దిగడం కూడా నేర్పాలి. అది ఇంకా నెలల పని. శిఖరం దగ్గర ఆగి, ఆమె గాలి మరను వెంట్రుకవాసి తిప్పింది. ఈసారి అంకెలు తానే రాసుకుంటానని కలం తీసుకున్నది. ఇరవైవేలు. పదివేలు. ఐదువేలు. ప్రతిచోటా మూడేసి నిమిషాలు. తేడా ఎక్కడా హద్దు దాటలేదు. గదిలో గాలి లోపలికి చొరబడే సన్నని శబ్దం తప్ప మరేదీ వినబడలేదు.

చివరకు పాత్ర నిండా గాలి నిండింది. నేలమట్టం. సెన్సరు సున్నా చూపాలి. పద్దెనిమిది చూపింది. ఆమె వేచి చూసింది. పన్నెండుకు తగ్గింది. ఇంకా వేచి చూసింది. పదకొండు దగ్గర నిలిచిపోయింది.

ఆమె వేలు దానంతటదే యంత్రం ముందున్న బొత్తం మీదికి వెళ్లింది. అది నొక్కితే మిగిలిన అంకె చెరిగి సున్నా వస్తుంది. తరువాతి సెన్సరు పెట్టేముందు అందరూ నొక్కుతారు. పుస్తకంలోనూ అలాగే ఉంది.

“నొక్కకండి మేడమ్.”

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

“అంత పైకి వెళ్లి వచ్చింది కదా. కొంచెం మిగులుతుంది. ఎంత మిగిలిందో అంత రాయండి.”

ఆమె గడిలో పదకొండు అని రాసింది. ఆయన కళ్లద్దాలు సర్దుకొని, ముందుకు వంగి, యంత్రం మీది అంకెనూ కాగితం మీది అంకెనూ తానూ ఒకసారి చూశాడు. తరువాత సిరాపెట్టె మూత తీశాడు.